4,200 డాలర్లకి 2014 ఫోకస్ ఆటోమేటిక్, తీస్కోవచ్చా?

ఓరుగల్లు_పోరడు
అందరికి నమస్తే. నేను మిస్సోరిల వారెన్స్‌బర్గ్‌ల ఎమ్మెస్ చేస్తున్న. ఈ సెమిస్టర్ క్లాసులన్ని లీస్ సమ్మిట్ క్యాంపస్‌ల పడ్డయి, పోను రాను దగ్గర దగ్గర 80 మైళ్ళు. ఇన్నొద్దులు ఒక సీనియర్ అన్న కార్ల గ్యాస్ పైసలు, అంటే పెట్రోల్ పైసలు, పంచుకొని పోతుండె, ఆయన జాబొచ్చి డల్లాస్ పోయిండు, ఇప్పుడు మేం నలుగురం రోడ్డు మీద పడ్డం. బడ్జెట్ 5,000 డాలర్లు, దాంట్లనే ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్ని. ఫోర్డ్ ఫోకస్ 2014 ఎస్ఈ, ఆటోమేటిక్, 84 వేల మైళ్ళు, 4,200 చెప్తున్నడు, ఓనరే అమ్ముతున్నడు. ఫోటోలల్ల అయితే కొత్త పెండ్లికొడుకు లెక్కుంది. అదే ఏడు, అవే మైళ్ళున్న కోరొల్లా చూస్తే 9 వేల పైన చెప్తున్నరు. ఇది గింత చవక ఎందుకున్నదో సమజ్ అయితలేదు. ఎల్లుండి చూడనీకి పోతున్న, ఏమేం చూడాల్నో చెప్పుండ్రి.

కోరొల్లా_భక్తుడు
కోరొల్లా కొను. థ్రెడ్ క్లోజ్ చేసేయండి.

ఖాళీ_ట్యాంక్
భక్తా ఆ మిగతా 4 వేలు నువ్వు వేస్తావా

గుంటూరు_గేరు
తమ్ముడూ ఎందుకు చవకో నేను చెప్తా, కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదువు.

అమెరికాలో 2012 మోడల్ నుంచి అమ్మిన ఫోకస్ ఆటోమేటిక్‌లో ఉండేది మనం అనుకునే మామూలు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కాదు. దాని పేరు పవర్‌షిఫ్ట్, లోపలి పేరు డీపీఎస్6. లోపల ఉండేవి మాన్యువల్ బండి లాంటి గేర్లే, రెండు క్లచ్‌లు, ఒకటి 1, 3, 5 కి ఇంకోటి 2, 4, 6 కి, నువ్వు కాలితో తొక్కే బదులు ఎలక్ట్రిక్ మోటార్లు ఆ క్లచ్ పని చూసుకుంటాయి. అవి ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌లు కావు, పొడి క్లచ్‌లు. మైలేజీ కోసం అలా చేశారు. కాగితం మీద మంచి ఐడియానే. కానీ ట్రాఫిక్‌లో నత్తలా పాకేటప్పుడు పొడి క్లచ్ వేడెక్కుద్ది, దానికి తోడు ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ దగ్గర ఆయిల్ కారి ఆ పొడి క్లచ్ మీద పడితే ఇక పట్టు సరిగ్గా ఉండదు, బండి వణుకుద్ది. ఇంకో గొడవ దాని కంట్రోల్ మాడ్యూల్, టీసీఎం అంటారు, అది పోతే బండి గేర్‌లో పడకుండా నిలబడిపోవచ్చు.

ఇది నేను పుట్టించిన కథ కాదు. 2011 నుంచి 2016 దాకా ఫియస్టా, 2012 నుంచి 2016 దాకా ఫోకస్, ఈ రెండిటి మీదా అమెరికాలో క్లాస్ యాక్షన్ కేసు, అంటే ఓనర్లందరి తరఫున కలిపి వేసే కేసు, నడిచింది, 2020 లో సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం కూడా వచ్చింది. కంపెనీ క్లచ్‌కి 7 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళు, టీసీఎంకి 10 ఏళ్ళు లేదా లక్షన్నర మైళ్ళు అని వారంటీ పొడిగించింది. లెక్క వేసుకో, 2014 బండికి క్లచ్ గడువు 2021 తోనే పోయింది, టీసీఎంది కూడా దాటిపోయింది. అంటే ఇప్పుడు ఏది పోయినా మొత్తం నీ జేబులోంచే. అందుకే 4,200.

అలా అని ప్రతి బండీ చెత్తే అనను. క్లచ్, సీల్స్, టీసీఎం మార్చిన రసీదులు ఓనర్ దగ్గర ఉంటే, ఎన్ని మైళ్ళప్పుడు మార్చారో రాసి ఉంటే, అప్పుడు ఆలోచించొచ్చు. మొట్టమొదట అదే అడుగు. "ఇట్ డ్రైవ్స్ గ్రేట్" అని తిప్పి తిప్పి అదే మాట చెప్తుంటే కాగితాలు లేవని అర్థం.

ఓరుగల్లు_పోరడు
అన్నా ఇది చదివినంక గుండె జారింది. మరి టెస్ట్ డ్రైవ్‌ల తెలుస్తదా?

గుంటూరు_గేరు
తెలుస్తది, కానీ అందరూ చేసేలా హైవే ఎక్కించి 70 కొట్టి "అబ్బ స్మూత్‌గా ఉంది" అనుకుంటే ఏమీ తెలవదు. హైవే మీద ఇది బంగారం. దీని గుట్టంతా పార్కింగ్ లాట్‌లో ఉంటది.

ముందు ఫోన్ చేసి "నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దు" అని చెప్పు. వెళ్ళగానే పలకరింపులకి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, డ్రైవ్‌లో పెట్టి, బ్రేక్ మీద నుంచి కాలు తీసి దాని మానాన దాన్ని పాకనివ్వు, మనిషి నడిచే స్పీడులో. ఏసీ ఆపు, పాటలు ఆపు, అమ్మేవాడు కబుర్లు చెప్తుంటే సారీ చెప్పి అతన్ని కూడా ఆపు. గ్యాస్ పెడల్ మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి 10 నుంచి 25 మైళ్ళ మధ్య గేర్లు ఎలా మారుతున్నాయో చూడు. సీటు కింద నుంచి, గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చున్నట్టు ఒక దడదడ వస్తే అదే అది. తర్వాత స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగకుండా స్లో చేసి మళ్ళీ నొక్కు, తడబడుద్దేమో చూడు. ఇదంతా అయ్యాక 20 నిమిషాలు సిటీలో ఆగుతూ పోతూ తిప్పి, బాగా వేడెక్కాక మళ్ళీ అదే పార్కింగ్ లాట్‌లో అదే పని చెయ్యి. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడిలా ఉన్న క్లచ్ వేడెక్కాక అసలు రంగు చూపిస్తది.

సీతమ్మధార_శ్రీను
మన దగ్గర కూడా ఎకోస్పోర్ట్, ఫిగో, ఆస్పైర్ పెట్రోల్ ఆటోమేటిక్‌లలో పవర్‌షిఫ్ట్ పేరుతో డ్యూయల్ క్లచ్చే ఇచ్చారు కదండీ. 2021 లో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నామన్నాక మా వైజాగ్‌లో సెకండ్ హ్యాండ్ రేట్లు ఎలా పడ్డాయో చూశాను, అందులో ఆటోమేటిక్ అంటే బ్రోకర్లు కూడా మొహం తిప్పేసుకునేవారు. డీజిల్ మాన్యువల్ మాత్రం ఎగబడి కొన్నారు.

ఒహాయో_అక్క
తమ్ముడూ గేర్‌బాక్స్ సంగతి వాళ్ళు చెప్పారు కాబట్టి నేను మిగతాది చెప్తాను. ముందు విన్ నంబర్, అంటే బండి గుర్తింపు నంబర్ అడుగు, అక్షరాలూ అంకెలూ కలిపి 17 ఉంటాయి, ఇవ్వనంటే వెళ్ళకు. ఇక్కడి ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే ఫ్రీగానే పెండింగ్ రీకాల్స్, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచినా ఇంకా చేయించని రిపేర్లు, చూపిస్తుంది. ఫోకస్‌కి 2018 లో ఒక పెద్ద రీకాల్ ఉంది, ట్యాంక్‌లోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌కి పంపే పర్జ్ వాల్వ్ అని, అది తెరుచుకుని ఇరుక్కుపోతే గ్యాస్ ట్యాంక్‌లో వాక్యూమ్ ఎక్కువై ట్యాంకే లోపలికి నొక్కుకుపోవచ్చు, గేజ్ ముల్లు ఇష్టమొచ్చినట్టు ఊగుతుంది, బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోవచ్చు. రిపేర్ అయ్యేదాకా సగం ట్యాంక్ కంటే తగ్గనివ్వొద్దని అప్పట్లో చెప్పారు. డోర్ లాచ్ రీకాల్స్ కూడా ఉన్నాయి. రీకాల్ ఉండటం తప్పు కాదు, డీలర్ దగ్గరకి తీసుకెళ్తే ఫ్రీగా చేస్తారు, ఇన్నేళ్ళూ ఆ ఓనర్ ఎందుకు చేయించలేదన్నదే నా ప్రశ్న. ఫ్రీగా చేసే పనికే వెళ్ళనివాడు డబ్బులు పెట్టి ఆయిల్ టైముకి మార్పించి ఉంటాడా?

ఇక మీ వైపు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, మాకూ అంతే. ఫోన్ టార్చ్ వేసుకుని బండి కిందకి వంగి చూడు, బట్టలు మాసినా పర్లేదు. పైపైన ఎర్రగా పొడి తుప్పు ఉంటే ఫర్వాలేదు. డోర్ల కింద అంచు, జాకీ పెట్టే చోటు, వెనక సస్పెన్షన్ బిగించే చోటు, ఇక్కడ స్క్రూడ్రైవర్ పిడితో తట్టు. ఠంగుమంటే ఓకే. పెచ్చులు రాలితే లేచి బట్టలు దులుపుకుని వచ్చేయ్.

టైర్ పక్కన డాట్ అని రాసి చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అంటే 2017 లో 23వ వారం తయారైందని. గాడులు బాగానే కనిపిస్తాయి కానీ రబ్బరు ఎండిపోయి పగుళ్ళు ఉంటాయి. నాలుగు టైర్లంటే నీ బడ్జెట్‌లో 400 పైనే.

ఇంకోటి, సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు. నవ్వకండి. 2017 లో హార్వే తుఫాను తర్వాత నేను డల్లాస్‌లో పాత కార్లు అమ్మే ఒక లాట్‌లో కారు కొన్నాను, లాట్ పేరూ కారు పేరూ అనవసరం. మల్లెపూల వాసన స్ప్రే కొట్టి మెరిపించి ఇచ్చారు. మూడు నెలలకి ఎలక్ట్రికల్స్ ఒక్కోటీ చచ్చిపోతుంటే మెకానిక్ వచ్చి వేరే ఏమీ చూడలేదు, బెల్టు మొత్తం బయటికి లాగాడు. రెండో సగంలో అడ్డంగా ఒక బురద గీత. నీళ్ళు అంతదాకా వచ్చాయన్నమాట. కార్పెట్ మార్చారు, సీట్లు ఉతికారు, బెల్టు ఎవరూ లాగి ఉతకలేదు. అప్పటినుంచి ఎవరి కారెక్కినా నా చెయ్యి బెల్టు మీదకే పోతుంది, మా ఆయన నవ్వుతారు.

ఖాళీ_ట్యాంక్
అక్కా బెల్టు పాయింట్ సూపర్. ఇప్పుడే పార్కింగ్‌కి వెళ్ళి నా కారుది లాగి చూసొచ్చా. బురద లేదు గానీ ఒక ఫ్రెంచ్ ఫ్రై దొరికింది

పాత_ఇనుము
క్రూజ్ కూడా చూడు బ్రో, షెవర్లే క్రూజ్, ఒహాయోలో లార్డ్స్‌టౌన్‌లో చేసేవాళ్ళు, 2019 లో ఆ ప్లాంటే మూసేశారు. ఇండియాలో డీజిల్ క్రూజ్ అంటే ఒక ఊపు ఉండేది కదా, అది మర్చిపో, ఇక్కడివి ఎక్కువగా 1.4 టర్బో పెట్రోల్. గేర్‌బాక్స్ మామూలు ఆటోమేటిక్కే కాబట్టి ఈ క్లచ్ గోల ఉండదు. 2011 నుంచి వచ్చిన మొదటి షేపులో 1.4 కి చూడాల్సినవి వాటర్ పంప్, ఇంకా ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి లాగే పీసీవీ వాల్వ్. కూలెంట్ డబ్బాలో లెవెల్ తగ్గి, ఎండిన మరకలు, తియ్య వాసన ఉంటే పంప్ దగ్గర లీక్. ఇంజిన్ నడుస్తుండగా పైన కవర్ దగ్గర పాము బుసకొట్టినట్టు సౌండ్ వస్తే పీసీవీ డయాఫ్రం చిరిగినట్టు, అప్పుడు కవర్ మొత్తం మార్చాలి. ఎల్ఎస్ అనే వేరియంట్‌లో వచ్చే 1.8 టర్బో లేనిది, కానీ దానికి టైమింగ్ చెయిన్ కాదు బెల్టు, లక్ష మైళ్ళ దగ్గర మార్చిన రసీదు లేకపోతే ఆ ఖర్చు రేట్లోంచి కొట్టేయ్.

గుంటూరు_గేరు
కరెక్ట్. తమ్ముడూ ఒక్కమాట, ఇంటి దగ్గర ఏం బండి నడిపేవాడివి?

ఓరుగల్లు_పోరడు
మా బాపు వ్యాగనార్ అన్నా, లైసెన్స్ వచ్చినంక హన్మకొండ నుంచి హైద్రాబాద్ కూడా నేనే నడిపిన. ఎందుకు?

గుంటూరు_గేరు
అది గేర్ బండే కదా. మరి నీకు ఆటోమేటిక్ ఎందుకయ్యా?

ఇదే ఫోకస్‌లో 5 స్పీడ్ మాన్యువల్ ఉంది. ఇంజిన్ అదే 2.0, 160 హార్స్ పవర్, టైమింగ్ చెయిన్. పేరు పోయింది గేర్‌బాక్స్ వల్ల, ఇంజిన్ వల్ల కాదు. మాన్యువల్‌లో ఆ డీపీఎస్6 అసలు ఉండనే ఉండదు, కానీ "ఫోకస్" అన్న పేరుకి పడ్డ మచ్చ మాత్రం దానికీ అంటుకుంది కాబట్టి చవకే. పైగా ఇక్కడ క్లచ్ తొక్కడం వచ్చినవాళ్ళు తక్కువ, లిస్టింగ్ పెట్టి నెలలు కూర్చుంటారు. వాళ్ళకి శాపం మనకి వరం. లిస్టింగ్‌లో చాలామంది గేర్ సంగతి రాయరు, లోపలి ఫోటోలో కింద మూడు పెడల్స్ ఉన్నాయా లేదా చూసుకో.

1.0 ఎకోబూస్ట్ వాటి జోలికి మాత్రం పోకు, 2016 నుంచి 2018 వాటికి ఆయిల్ పంప్ బెల్టు టెన్షనర్ మీద 2023 చివర్లో రీకాల్ వచ్చింది. 2.0 అయితేనే చూడు.

కోరొల్లా_భక్తుడు
మాన్యువల్ కొంటే రేపు ఎవడు కొంటాడు మళ్ళీ? ఇండియన్ స్టూడెంట్సే కొనాలి, వాళ్ళలో సగం మంది ఇక్కడికొచ్చి ఆటోమేటిక్ మీదే నేర్చుకున్నోళ్ళు. ఎమర్జెన్సీలో రూమ్మేట్‌కి కూడా ఇవ్వలేవు.

ఖాళీ_ట్యాంక్
రూమ్మేట్‌కి ఇవ్వక్కర్లేకపోవడం కూడా ఒక ఫీచరే భక్తా

ఓరుగల్లు_పోరడు
అప్‌డేట్. ఇయ్యాల ట్రైన్ల లీస్ సమ్మిట్ పోయి ముందుగాల ఆ ఆటోమేటిక్ చూసిన. గేర్ అన్న చెప్పినట్టే నిన్న రాత్రే మెసేజ్ పెట్టిన, స్టార్ట్ చెయ్యొద్దని. పోయేసరికి డ్రైవ్‌వేల కడిగి పెట్టిండు. బానెట్ మీద చెయ్యి పెడితే ఇస్త్రీ పెట్టె లెక్కుంది. ఏంది అని అడిగితే కార్ వాష్‌కు పోయొచ్చిన అన్నడు. సరే అనుకున్న.

క్లచ్ కాగితాలు అడిగితే "ముందటి ఓనర్ చేయించిండు" అన్నడు, రసీదుల్లేవు. నేను దోస్తు దగ్గర బండి కంప్యూటర్‌ల లోపాల కోడ్స్ చదివే 20 డాలర్ల ఓబీడీ స్కానర్ తీస్కపోయిన, స్టీరింగ్ కింద పెట్టి ఫోన్ల చూస్తే కోడ్స్ ఏం లేవు, మస్తు ఖుష్ అయిన. ఊకెనే ఇంకో పేజీ తీస్తే రెడీనెస్ మానిటర్స్ అని ఉన్నయి, బండి తనను తాను చేస్కునే పరీక్షలు, దాంట్ల క్యాటలిస్ట్, ఈవాప్, ఓ2 సెన్సర్ అన్ని "నాట్ రెడీ". ఇదేంది అంటే "పోయిన వారం కొత్త బ్యాటరీ వేసిన, అందుకే" అన్నడు. బానెట్ లేపి మూత తీసి చూసిన. బ్యాటరీ మీద స్టిక్కర్ల 2020 అని ఉన్నది, టర్మినల్ మీద పచ్చగ తెల్లగ బూజు ఇంత మందం పట్టింది. నేను స్టిక్కర్ చూస్తున్న, ఆయన నా మొఖం చూస్తుండు. ఇద్దరం ఏం మాట్లాడలే. నడిపి కూడ చూడలే, థ్యాంక్స్ చెప్పి వచ్చేసిన.

గుంటూరు_గేరు
శభాష్. ఆ "నాట్ రెడీ" అంటే చెక్ ఇంజిన్ లైట్ ఆర్పడానికి మెమరీ చెరిపేశారని, లేకపోతే బ్యాటరీ తీసి పెట్టారని. మళ్ళీ కొన్ని రోజులు రకరకాలుగా నడిపితే గానీ అవి రెడీ అవ్వవు. నిజంగా కొత్త బ్యాటరీ వేసినా అలాగే వస్తది, అందుకే అతను ఆ మాట తయారుగా పెట్టుకున్నాడు, పాపం బ్యాటరీ తుడవడం మర్చిపోయాడు.

ఓరుగల్లు_పోరడు
ఇంకుంది అన్నా. మీరు మాన్యువల్ అన్నంక రాత్రంత వెతికితే ఇండిపెండెన్స్ అనే ఊర్ల ఒకటి దొరికింది, 2013 ఎస్ఈ సెడాన్, 97 వేల మైళ్ళు, 4,300. దోస్తు కార్ల అక్కడికి పోయినం. పెద్దాయన, రిటైర్ అయిండట, ఆయిల్ మార్చిన ప్రతిసారి తేదీ, మైళ్ళు ఒక చిన్న నోట్‌బుక్‌ల పెన్సిల్‌తోని రాస్కున్నడు. మా తాత కిరాణ పద్దు బుక్కు యాదికొచ్చింది. మోకాళ్ళ ఆపరేషనంట, క్లచ్ తొక్కుడు ఇగ నా తోటి కాదు అన్నడు. బానెట్ సల్లగ ఉండె. మానిటర్లన్ని రెడీ. బెల్టు గుంజి చూసిన అక్కా, సాఫ్. అన్ని రీకాల్స్ అయిపోయినయి. కింద పైపైన తుప్పే. టైర్లు మాత్రం 2016వి.

క్లచ్ ఎట్ల చూడాలె? రేపు మళ్ళొస్త అని చెప్పిన.

గుంటూరు_గేరు
ఖాళీ రోడ్డు మీద 25 మైళ్ళ స్పీడులో 4వ గేర్ వేసి గ్యాస్ పూర్తిగా తొక్కు. ఆర్‌పీఎం, స్పీడు రెండూ కలిసి మెల్లగా పెరగాలి. ఆర్‌పీఎం ఎగిరిపోయి స్పీడు అక్కడే ఉంటే క్లచ్ జారిపోతున్నట్టు. పెడల్ మరీ పైకి వచ్చాక గానీ పట్టుకోకపోతే అరిగిపోయినట్టు. 3 నుంచి 2 కి దించేటప్పుడు కరకరమంటే గేర్లు సాఫీగా కలిపే సింక్రో అరిగినట్టు. ఇంతే. తర్వాత ఎలాగూ ఒక మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించు, 100, 150 డాలర్లు తీసుకుంటారు, ఆ పెద్దాయన కాదనడు.

టైర్ల పేరు చెప్పి 400 తగ్గించమను. నోట్‌బుక్ రాసే మనిషి కాబట్టి నువ్వూ కాగితం మీద లెక్క రాసి చూపించు, వింటాడు.

ఒహాయో_అక్క
పేపర్లు జాగ్రత్త. టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం, మీద పేరు, అతని లైసెన్స్ మీద పేరు ఒకటేనా చూడు. మిస్సోరిలో పెద్ద యాక్సిడెంట్ అయి మళ్ళీ రోడ్డెక్కినవాటికి "ప్రయర్ సాల్వేజ్" అని రాస్తారు, ఆ మాట ఉందేమో చూడు. లీన్, అంటే బండి మీద తీరని లోన్, ఉంటే బ్యాంకు ఇచ్చిన రిలీజ్ కాగితం లేకుండా డబ్బులివ్వకు. 2011, ఆ తర్వాతి మోడల్స్‌కి 20 ఏళ్ళదాకా ఓడోమీటర్ రీడింగ్ రాసిచ్చి తీరాలి. క్యాష్ జేబులో పెట్టుకుని తిరగొద్దు, బ్యాంకులో కలుసుకుని క్యాషియర్ చెక్ ఇవ్వు.

మిడ్‌వెస్ట్_మూర్తి
మిస్సోరి పద్ధతి ఒకటి కొత్తవాళ్ళకి తెలీదు. రిజిస్ట్రేషన్‌కి వెళ్తే పర్సనల్ ప్రాపర్టీ ట్యాక్స్, అంటే కారు లాంటి వాటి మీద ఏటా కట్టే పన్ను, రసీదు అడుగుతారు. నువ్వు కొత్తగా వచ్చావు కాబట్టి నీకు రసీదు ఉండదు, కౌంటీ అసెసర్ ఆఫీసుకెళ్ళి నీకు ఆ పన్ను పడలేదని చెప్పే "నాన్ అసెస్‌మెంట్" కాగితం తెచ్చుకోవాలి. అది లేకుండా పోయి క్యూలో గంట నిలబడి వెనక్కి వచ్చినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా కావాలి, పదేళ్ళు దాటింది కాబట్టి. సేల్స్ ట్యాక్స్ అమ్మేవాడికి కాదు, లైసెన్స్ ఆఫీసులో నువ్వే కట్టాలి. కొన్న 30 రోజుల్లో టైటిల్ మార్చుకోకపోతే 25 డాలర్లు ఫైన్, ఆ తర్వాత ప్రతి 30 రోజులకి ఇంకో 25, అలా 200 దాకా. నంబర్ ప్లేట్లు ఆయన పీక్కుంటాడు, కంగారు పడకు, ఇక్కడ ప్లేట్లు మనిషివి, బండివి కావు.

ఓరుగల్లు_పోరడు
తీస్కున్న! 3,900. టైర్ల లెక్క కాగితం మీద రాసి చూపిస్తే కండ్లద్దాలు పెట్టుకొని చదివి, పెన్సిల్‌తోని నా కూడిక కరెక్టేనా అని చూస్కొని, సరే అన్నడు. మెకానిక్ లిఫ్ట్ మీద చూసి ముందు స్టెబిలైజర్ లింక్ ఒకటి అరిగింది, తర్వాత మార్చుకో అన్నడు, ఇంకేం లేదన్నడు.

50 హైవే మీద నేనే నడుపుకుంట వచ్చిన. కుడిచేత్తో గేర్ అలవాటు కాలే, రెండు మూడుసార్లు ఎడమచెయ్యి పోయి డోర్‌కు గుద్దుకున్నది. వారెన్స్‌బర్గ్‌ల ఫస్ట్ సిగ్నల్ దగ్గరనే బండి ఆఫ్ అయింది, ఎనక ట్రక్కాయన హారన్ కూడ కొట్టలే, మా దగ్గర అయితే ఈపాటికి నా ఏడు తరాలను యాది చేస్తుండె. రేపు అసెసర్ ఆఫీస్.

కోరొల్లా_భక్తుడు
కంగ్రాట్స్ బ్రో. నెక్స్ట్ టైమ్ కోరొల్లా.

కొత్త_మెంబర్_దిల్‌సుఖ్‌నగర్
హాయ్ బ్రో నేను కూడా కేన్సస్ సిటీ దగ్గరే. ఆ మొదట చూసిన ఆటోమేటిక్ ఇంకా ఉందా? లిస్టింగ్‌లో 3,600 అని కనబడుతోంది, "న్యూ బ్యాటరీ" అని కూడా పెట్టాడు. ఫోటోలు బాగున్నాయి

గుంటూరు_గేరు
నాయనా, పైనుంచి ఒకసారి చదువుకుంటూ రా.